సమస్య: "ఒకటి నుండి యొకటి యుడుగ రెండు"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. ఒకటిలోంచి ఒకటి తీసివేస్తే సున్న మిగలాలి. రెండెలా మిగిలిందో ద్రవ్యవేగంలో (అంటే ద్రవ్యరాశిని దిశతో కూడిన వేగంతో గుణించిన విలువలో) వచ్చే మార్పును ఆధారం చేసుకొని, తుది విలువలోంచి తొలి విలువను తీసివేయాలన్న నియమం తప్పకుండా సమర్థించవలసిందిగా కవిమిత్రులను కోరుతున్నాను.

పూరణ 1

బంతి గోడఁ దాకి వడి తగ్గక మరలె
ధనము ఋణముగాఁగ దారి మార
తగ్గఁజేయ మొదటి ద్రవ్యవేగము, కను!
ఒకటి నుండి యొకటి యుడుగ రెండు.

నిర్వాహకుడు: మొదటి పాదంలో బకార వకారాలకు అభేదయతి చెల్లుతుంది గనుక ఛందస్సుకు లోటు లేదు, చిక్కంతా లెక్కలోనే ఉన్నది. 160 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో గోడను తాకి, అంతే వేగంతో వెనుదిరిగిందనుకుందాం. గోడ వైపు దిశను మీరు ధనంగా తీసుకున్నారు గనుక తొలి ద్రవ్యవేగం +3.2, తుది ద్రవ్యవేగం −3.2 కి.గ్రా. మీ./సె.; మార్పు −6.4. అంటే 3.2ను ఒకటిగా లెక్కిస్తే మీ పద్యానికి దక్కింది ఋణ రెండు. ఆ గుర్తును వదిలేయడానికి వీల్లేదు, గోడ బంతిని ఎటు నెట్టిందో చెప్పేది అదే.

పూరణ 2

గోడ వైపు ఋణము; గుర్తించు ధనముగా
వెనుక దిశను, బంతి వెనుదిరుగగ
ధనము నుండి ఋణము తరుగఁజేసినఁ గూడు;
ఒకటి నుండి యొకటి యుడుగ రెండు.

నిర్వాహకుడు: దిశను తిప్పి ఎన్నుకోవడంతో +3.2లోంచి −3.2 పోయి +6.4 నిలిచింది. "తరుగఁజేసినఁ గూడు" అన్న విరోధాభాసం సమస్యకు చక్కగా అతికింది గాని, రెండవ పాదంలో "వెనుక", "వెను" అని ఒకే మాటతో యతి గడుపుకోవడం కొంత బద్ధకమే. బంతి గోడను అంటి ఉన్న కాలం సెకనులో నూరవ వంతయితే సగటు బలం 640 న్యూటన్లు. అదే ద్రవ్యరాశి, అదే వేగం గల మట్టిముద్ద గోడకు అతుక్కుపోతే మార్పు 3.2 మాత్రమే, అంతే వ్యవధిలో బలం 320 న్యూటన్లే. మట్టిముద్దతో ఈ సమస్యను పూరించడం ఎవరి తరమూ కాదు.

పూరణ 3 (1880లో అమెరికాలో లెస్టర్ పెల్టన్ పేటెంటు పొందిన, అంచు చుట్టూ ఉన్న గిన్నెలను నీటిధార తాకగా తిరిగే జలచక్రాన్ని తలచుకొని)

నీటిధార తాకి నిలువక మరలంగ
చక్రమందు గిన్నె జరుగుచుండు;
గిన్నెపైన నిలిచి యెన్నిన లెక్క యౌ:
ఒకటి నుండి యొకటి యుడుగ రెండు.

నిర్వాహకుడు: మూడవ పాదంలో ప్రాసయతి ముచ్చటగా పడింది. అంతకన్నా మెచ్చదగినది "గిన్నెపైన నిలిచి" అన్న మాట. గిన్నెలు ధార వేగంలో సగం వేగంతో కదిలినప్పుడు చక్రానికి అత్యధిక శక్తి అందుతుంది. అప్పుడు నేల మీద నిలిచి చూసేవారికి నీరు దాదాపు వేగం లేకుండా జారిపోతుంది గనుక మార్పు తొలి విలువకు ఇంచుమించు ఒక్క రెట్టే. గిన్నెతో పాటు కదిలేవారికి మాత్రం నీరు వచ్చినంత వేగంతోనే వెనుదిరుగుతుంది. అయితే మరలే నీరు వెనుక వచ్చే గిన్నెకు తగలకుండా ధారను సుమారు 165 డిగ్రీలే మళ్లిస్తారు కాబట్టి మీ రెండు 1.97 దగ్గరే ఆగుతుంది. గణభంగం కాకుండా ఆ భిన్నాన్ని పాదంలో ఇరికించగలవారు వచ్చే వారం లోపు పంపవచ్చు.