స్కానర్‌లో వినిపించే ఫైర్ ఛానెల్ ఏ కౌంటీదో తెలుసుకోవడం ఎలా?

కొలంబస్_కుర్రాడు:
ఒహాయోలో కొలంబస్‌కి కాస్త బయట ఉంటాం. ఈమధ్యే పోలీసు, ఫైర్ వాళ్ల రేడియో మాటలు వినే యూనిడెన్ బీసీ125ఏటీ స్కానర్ కొన్నాను. సెర్చ్‌లో పెడితే 154 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకచోట ముందు రెండు కూతలు, ఆ వెంటనే అడ్రసు, చెస్ట్ పెయిన్ అనో కార్ యాక్సిడెంట్ అనో వస్తోంది. రేడియో లైసెన్సులిచ్చే ఎఫ్‌సీసీ వాళ్ల లైసెన్స్ సెర్చ్‌లో ఆ ఫ్రీక్వెన్సీ కొడితే నాలుగైదు కౌంటీలు కనిపిస్తున్నాయి, మరి నాకు వినిపించేది వీటిలో ఎవరిది? 154.280లోనూ అప్పుడప్పుడు మాటలొస్తాయి గానీ అడ్రసులేవీ చెప్పరు. పోలీసులదైతే ఒక్క ముక్క దొరకట్లేదు. సెట్‌లోనే ఏదైనా తేడా ఉందా?

పాత_యాంటెనా:
సెట్ బాగానే ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీని దూరదూరంగా ఉన్న కౌంటీలకు ఇస్తారు, అందుకే అంకె ఒక్కటీ చూస్తే తేలదు. ఆ ఛానెల్‌కి సీటీసీఎస్‌ఎస్ సెర్చ్ పెట్టండి, మాటల కింద చెవికి ఆనకుండా నడిచే టోన్ ఎంతో స్క్రీన్ మీద పడుతుంది, దాన్ని ఎవరు ఏ ఫ్రీక్వెన్సీ వాడతారో చెప్పే రేడియోరిఫరెన్స్ వెబ్‌సైట్ డేటాబేస్‌లో మీ చుట్టుపక్కల కౌంటీలతో పోల్చండి. లైసెన్స్‌లో చూడాల్సింది టవర్ ఎక్కడుందన్నది, ఎఫ్‌బీ2 అని ఉంటే రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ప్రసారం చేసేది), ఎంఓ అంటే బండ్లలోనూ చేతుల్లోనూ ఉండే సెట్లు.

మీరు చెప్పిన ఆ రెండు కూతలే అసలు ఆధారం. సాధారణంగా మొదటిది ఒక సెకను, రెండోది మూడు సెకన్లు, ఒక్కో స్టేషన్‌కి ఒక్కో జత, ఆ జత వినబడితేనే వాళ్ల పేజర్ (పిలుపు అందించే చిన్న రేడియో) తెరుచుకుని మాటలు వినిపిస్తుంది. ఏ జత తర్వాత ఏ వీధి పేరు, ఏ ఇంజిన్ నంబరు, ఏ హాస్పిటల్ అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పొండి, మ్యాప్ పక్కన పెట్టుకుంటే స్టేషన్‌తో సహా తేలిపోతుంది. నన్నడిగితే డేటాబేస్ కన్నా ఆ నోట్‌బుక్కే నయం, అక్కడ కొన్ని ఎంట్రీలు ఎప్పటివో ఉంటాయి.

154.280 ఒక్క డిపార్ట్‌మెంట్ సొత్తు కాదు. దాని పేరు వీఫైర్21, వేర్వేరు ఊళ్ల ఫైర్ వాళ్లు ఒకేచోట కలిసి పనిచేసేటప్పుడు వాడుకునేది. అడ్రసు అప్పటికే అందరికీ తెలుసు, ఇంకెందుకు చెప్తారు!

ట్రంకింగ్_తమ్ముడు:
పోలీసుల సంగతి నేను చెప్తా బ్రో. ఒహాయోలో చాలామంది మార్క్స్ అనే రాష్ట్రవ్యాప్త పీ25 (డిజిటల్ రేడియో) ట్రంకింగ్ సిస్టమ్ మీద ఉన్నారు, అది 700, 800 మెగాహెర్ట్జ్‌లలో నడుస్తుంది. మీ సెట్ 512 దాటి పోదు, పైగా అనలాగ్. ట్రంకింగ్ అంటే కొన్ని ఫ్రీక్వెన్సీలను అందరూ పంచుకోవడం. అందులో ఛానెల్ అంటే ఫ్రీక్వెన్సీ కాదు, టాక్‌గ్రూప్ (కలిసి మాట్లాడుకునే బృందం) నంబరు. కంట్రోల్ ఛానెల్ ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీకి పొమ్మంటే ఆ గ్రూప్ రేడియోలన్నీ అటు పోతాయి. ముందే ఖరీదైన స్కానర్ కొనకుండా యూఎస్‌బీలో పెట్టే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ రేడియో డాంగిల్ తీసుకుని లాప్‌టాప్‌లో ఎస్‌డీఆర్‌ట్రంక్ అనే సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. ఎన్‌క్రిప్టెడ్ అని చూపిస్తే మాత్రం వదిలేయండి, దాన్ని విప్పాలని చూస్తే చట్టంతో పెట్టుకున్నట్టే. స్కానర్ కారులో పెట్టుకుని న్యూయార్క్ లాంటి రాష్ట్రాలకు పోయేటప్పుడు కూడా అక్కడి రూల్ చూసుకోండి, హామ్ (హాబీ రేడియో) లైసెన్స్ ఉంటే న్యూయార్క్‌లో మినహాయింపు ఉంది.

సోమాజిగూడ_శ్రోత:
మీకేం బాబూ, హాయిగా వింటున్నారు. ఇక్కడ ఇండియాలో లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ సెట్ దగ్గరుంచుకోవడమే 1933 వైర్‌లెస్ చట్టం నాటి నుంచీ నేరం. ఇది చదివి హైదరాబాద్‌లో ఎవరూ పోలీసు ఛానెళ్లు వెతకొద్దు. సరదా ఉంటే హామ్ పరీక్ష రాయండి, 145.800లో అంతరిక్ష కేంద్రం వినడంలోనూ మజా ఉంది.

కొలంబస్_కుర్రాడు:
టోన్ సెర్చ్ పెట్టాను అన్నా. రాత్రిపూట మాత్రం అదే ఫ్రీక్వెన్సీలో ఇంకో టోన్ కూడా వస్తోంది, గొంతు బాగా నీరసంగా ఉంది.

పాత_యాంటెనా:
అది దూరపు కౌంటీ. మీ వాళ్ల టోన్ ఆ ఛానెల్‌కి సేవ్ చేసేయండి, రెండోది వచ్చినా స్కానర్ నోరు తెరవదు.