లీడ్ క్లైంబింగ్‌లో పడతానన్న భయం పోయేదెలా?

ప్రశ్న: టాప్ రోప్ మీద, అంటే తాడు పైనుంచి పట్టి ఉంచినప్పుడు, హాయిగా ఎక్కే రూటే. అదే లీడ్ చేస్తే, అంటే గోడకి బిగించిన బోల్టులకి తాడుని నేనే తగిలించుకుంటూ ఎక్కితే, చివరగా తగిలించిన బోల్ట్ నా నడుం దాటి కిందికి పోగానే వేళ్లు బిగుసుకుపోతాయి, ఊపిరాడదు. చేతుల్లో ఇంకా సత్తువ ఉండగానే "టేక్!" (తాడు బిగించి పట్టుకో) అని అరిచేస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ధైర్యం తెచ్చుకోమని నేను చెప్పనండీ. పడటం నేర్చుకోండి. కాస్త ముందుకు వాలిన గోడ, నేలకు బాగా ఎత్తు, కింద తాడు పట్టుకునే నమ్మకమైన బిలేయర్ ఉండాలి. మొదట బోల్ట్ ఛాతీ ఎత్తులో ఉండగానే చేతులు వదిలేయండి. అది మామూలైపోయాకే నడుం దగ్గర, ఆ తర్వాత మోకాళ్ల దగ్గర. పడేటప్పుడు ఊపిరి బయటికి వదలండి, మోకాళ్లు కాస్త వంచి పాదాలతో గోడని అందుకోండి. వెనక్కి గెంతకండి, ఆ ఊపుకి గోడకేసి ఇంకా గట్టిగా కొట్టుకుంటారు. క్విక్‌డ్రా (బోల్ట్‌కి తాడుని కలిపే కొక్కేల జత) పట్టుకోబోకండి, వేళ్లకి ప్రమాదం. తాడు కాలి వెనక ఉందేమో ప్రతిసారీ చూసుకోండి, ఉంటే తలకిందులవుతారు.

మరో జవాబు: సగం భయం బిలేయర్ చేతిలోనే ఉంది. తాడు బిగించేసి ఆపితే గోడకి గుద్దుకుంటారు. బరువు పడే క్షణంలో తనూ చిన్నగా పైకి లేస్తే మెత్తగా ఆగుతారు.

ప్రశ్న: మరి మొదటి రెండు బోల్టుల దగ్గర?

జవాబు: అక్కడ సాధన వద్దే వద్దు. బోల్ట్‌కి మీటరు పైనుంచి జారితే రెండు మీటర్లు పడతారు, ఆపైన వదులు తాడు, సాగుదల. నేల తగలొచ్చు. అక్కడ మీ భయం సరైనదే.