మందుల షాపు మాత్రలు మోతాదు మించితే విషప్రభావ సమాచారం వెంటనే ఎలా దొరుకుతుంది?

పర్లాకిమిడి, స్టాఫ్ నర్సు:
జ్వరం మాత్రలు ఎక్కువగా మింగినవారిని మా కేంద్రానికి తరచూ రాత్రివేళే తీసుకువస్తారు. డాక్టరుగారు వచ్చేలోగా సమాచారం కోసం మీరు దేన్ని ఆశ్రయిస్తున్నారు? ఇక్కడ నెట్‌ను నమ్ముకోలేము.

బరంపురం, జూనియర్ డాక్టరు:
మామూలు ఫోన్ ఉంటే చాలునండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా సలహా ఇస్తుంది. రోగి బరువు, మింగిన వేళ, మందు పేరు, ఒక్కో మాత్రలోని మిల్లీగ్రాములు ముందే రాసిపెట్టుకోండి. పారాసిటమాల్ విషయంలో మొదటి 24 గంటలు వికారం తప్ప మరేమీ కనిపించకపోవచ్చు కనుక, మనిషి బాగానే మాట్లాడుతున్నాడని ఇంటికి పంపడం కన్నా పెద్ద ప్రమాదం లేదు. కాలేయం దెబ్బతినడం ఆ తరువాతే బయటపడుతుంది. రక్తంలో మందు స్థాయిని మింగిన 4 గంటలు దాటాకే కొలవాలి. విరుగుడైన ఎసిటైల్ సిస్టీన్ 8 గంటలలోపు మొదలుపెడితే ఫలితం చాలా బాగుంటుంది, ఆలస్యమైనా మానకూడదు. పరీక్ష అందుబాటులో లేదని విరుగుడును ఆపి కూర్చోవడం నాకు సమ్మతం కాదు.

గుణుపురం, మందుల షాపు:
చిక్కంతా స్ట్రిప్పు దగ్గరే వస్తుంది. నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరు, మోతాదు ఉన్న రేకు ముక్క మా దగ్గరే మిగిలిపోతుంది, రోగి చేతిలో వెండిరంగు రేకు తప్ప ఏమీ ఉండదు. అందుకే నేను కవరుమీద రెండూ పెన్నుతో రాసి ఇస్తున్నాను. జలుబు మాత్రలలో చాలావాటిలో పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి, వేరే ఏ మాత్రలు వేసుకున్నారో తప్పక అడగాలి.

రాయగడ, ఉపాధ్యాయిని:
మా ఆడపడుచు కూతురు ఇంట్లో ఉన్న ఐరన్ మాత్రలు మింగేసింది. వాంతులయ్యాక హుషారుగా ఆడుకుంటున్నా, డాక్టరుగారు ఆ రాత్రి ఇంటికి పంపలేదు. మాకు అప్పుడు విసుగే వచ్చింది.

బరంపురం, జూనియర్ డాక్టరు:
ఆయన సరిగ్గానే చేశారమ్మా. ఐరన్ ఎక్కువైతే తొలి వాంతులు, విరేచనాలు తగ్గి తేరుకున్నట్టు కనిపించి, ఆపై పరిస్థితి విషమించవచ్చు. పైగా కడుపులోని విషాన్ని పట్టి ఉంచడానికి ఇచ్చే బొగ్గుపొడి, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్, ఐరన్‌ను పట్టి ఉంచదు. అవసరమైతే ఐరన్‌కు విరుగుడైన డెఫెరాక్సమిన్ ఇస్తారు.

పర్లాకిమిడి, స్టాఫ్ నర్సు:
ఇంటివాళ్లు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించి తెస్తున్నారు. దాని సంగతేమిటండి?

బరంపురం, జూనియర్ డాక్టరు:
వద్దని గట్టిగా చెప్పండి. ఉప్పు రక్తంలో సోడియాన్ని పెంచుతుంది, మగతగా ఉన్నవారికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, మిగిలిన మాత్రలు, ఖాళీ రేకులు అన్నీ వెంట తెమ్మనండి. మీరు పైఆసుపత్రికి పంపితే, చీటీమీద మింగిన వేళను అన్నిటికన్నా పైన రాయండి.