నాన్న కట్టిన పరాయి అప్పు: అది మాకు మిగిలిన విలువా, మా మీద పడ్డ భారమా?

పాతజేబు (చర్చ మొదలుపెట్టినవారు)

తండ్రి పిల్లలకు ఇచ్చేవాటిలో చివరిదాకా నిలిచేది ఏది? ఆస్తి కరిగిపోతుంది, చదువు పాతబడుతుంది, ఆయన నడిచిన తీరే నిలుస్తుందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

మా నాన్న స్నేహితుడొకాయన అప్పు తీసుకుంటుంటే నాన్న పక్కన నిలబడి "వీడు కట్టకపోతే నేను కడతాను" అన్నారు. ఏడాది తిరక్కుండా ఆ స్నేహితుడు ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయాడు. అప్పిచ్చినాయన మా గుమ్మం తొక్కలేదు, గట్టిగా అడగలేదు. నాన్నే వెళ్లి, నెలనెలా కడతానని చెప్పి వచ్చారు. తొమ్మిదేళ్లు కట్టారు. జీతం అందిన రోజు ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా గోడవారన చతికిలబడి, ఒక పొడుగాటి నోటుపుస్తకంలో ఆ నెల పద్దు రాసేవారు. రాశాక పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. 108 పద్దులు. ఆఖరి పద్దు కింద "చెల్లు" అని ఒక్క మాట.

ఆయన నాకు ఏనాడూ నీతులు చెప్పలేదు. అయినా ఇప్పటికీ ఎవరికైనా మాటిచ్చానంటే అది తీరేదాకా నాకు నిద్ర పట్టదు. ఎకరాలు పంచి ఇచ్చిన తండ్రికన్నా మా నాన్న ఎక్కువే ఇచ్చాడంటాను. మీరేమంటారు?

చిత్తుప్రతి

ఒక్కటే ప్రశ్న. మీ నాన్నగారు సంతకం పెట్టారా, నోటిమాటేనా?

వానచుక్క

చదువుతుంటే కళ్లు చెమర్చాయండీ. మా నాన్న కూడా పరాయి సొమ్ము ముట్టలేదు.

పాతజేబు

చిత్తుప్రతి గారూ, దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

చిత్తుప్రతి

చాలా ఉంది. జామీను కాగితం మీద సంతకం పెట్టినవాడు, అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే కట్టి తీరాలి. కట్టకపోతే కోర్టుకు లాగుతారు. అలాంటప్పుడు కట్టడం భయం వల్లా, మాట కోసమా అన్నది బయటివాళ్లకు తెలియదు. సంతకం లేకుండా కట్టి ఉంటే మీ నాన్నగారికి చేతులెత్తి దండం పెడతాను. అందుకే అడుగుతున్నాను.

బడిగంట

నేను ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. పాతజేబు గారు అన్నదాంట్లో "నీతులు చెప్పలేదు" అన్న మాటే ముఖ్యం. 1961లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్‌లో 72 మంది చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశాడు. గాలి నింపిన బొమ్మను పెద్దవాళ్లు కొట్టడం, తిట్టడం కొందరు పిల్లలకు చూపించాడు. తర్వాత ఆ పిల్లల్ని బొమ్మలున్న గదిలో వదిలితే, చాలామంది అవే దెబ్బలు, అవే తిట్లు. కొట్టమని ఎవరూ చెప్పలేదు, చూశారంతే.

గాంధీగారి విషయం కూడా చూడండి. పదిహేనేళ్లప్పుడు అన్న కడియంలోంచి కాస్త బంగారం దొంగిలించాడు. అదీ అన్న చేసిన అప్పు తీర్చడానికే. తప్పు ఒప్పుకుంటూ చీటీ రాసి, జబ్బుతో పడుకుని ఉన్న తండ్రి చేతికిచ్చాడు. తండ్రి చదివాడు, కన్నీళ్లతో కాగితం తడిసింది, కాసేపు కళ్లు మూసుకుని చీటీ చించేశాడు. ఒక్క మాట అనలేదు. కొట్టి ఉంటే ఆ పిల్లవాడు ఆ దెబ్బ మరిచిపోయేవాడేమో, ఆ కన్నీళ్లు మాత్రం బతికినంతకాలం మరవలేదు.

రెండోకూతురు

బడిగంట గారూ, కథ అక్కడ ఆపేస్తే ఎలాగండీ? ఆ పిల్లవాడే పెరిగి తండ్రయ్యాడు. పెద్దకొడుకు హరిలాల్ ఇంగ్లండు వెళ్లి బారిస్టరు చదువుతానంటే కాదన్నాడు. తాను లండన్‌లో చదివిన చదువే అది. కొడుకు 1911లో ఇల్లు వదిలి వెళ్లిపోయాడు, తాగుడుకు బానిసయ్యాడు. 1948లో తండ్రి హత్యకు గురైన తర్వాత ఐదు నెలలు తిరక్కుండానే తానూ పోయాడు. తండ్రి నడవడికను అంత దగ్గర నుంచి చూసినవాడు ఇంకెవరున్నారు? చూస్తే చాలు వచ్చేస్తుందనుకుంటే హరిలాల్‌కు ఎందుకు రాలేదు?

పాతజేబు గారూ, మిమ్మల్నీ ఒకటి అడుగుతాను. తొమ్మిదేళ్లు "ఆయన కట్టారు" అని రాశారు. ఆ జీతం మీద బతికినవాళ్లు ఇంట్లో ఎంతమంది?

పాతజేబు

ఐదుగురం. మా ఇంట్లో ఎవరూ పస్తులు పడుకోలేదు. అమ్మ ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు.

చిత్తుప్రతి గారూ, నోటిమాటే. కాగితం లేదు.

చిత్తుప్రతి

అంటే చూపించి నిలదీయడానికి కాగితం లేకపోయినా కట్టారు. మీ నాన్నగారికి నా నమస్కారం. పుస్తకం జాగ్రత్త.

రెండోకూతురు

అమ్మ అనలేదు కాబట్టి బాధ లేదనుకున్నారా? నోరెత్తకపోవడం ఒప్పుకోవడం ఎలా అవుతుంది?

నా సంగతి చెబుతాను, ఊరికే వాదిస్తున్నానని అనుకోకండి. మా నాన్న బయట దేవుడు. ఎవరి కష్టమైనా మా ఇంటికే వచ్చేది. నా చదువుకని దాచిన డబ్బు మూడుసార్లు తీసి ఇతరులకిచ్చారు. మూడుసార్లూ ఇచ్చేశాకే నాకు తెలిసింది. ఆయన పోయిన రోజు వచ్చినవాళ్లంతా "అలాంటి తండ్రి దొరకడం నీ అదృష్టం" అన్నారు. నేను తలూపాను. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది దానం కాదండీ. నాకు కావాల్సింది నోరు తెరిచి అడగకూడదని నేర్చుకున్నాను. పదకొండేళ్లుగా ఒకే చోట పనిచేస్తున్నా, జీతం పెంచమని ఒక్కసారి అడగలేకపోయాను. గది తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తాను. ఇదీ నాన్న ఇచ్చిందే, ఇదీ చివరిదాకా నిలిచేదే. మీ లెక్కలో దీన్ని ఎక్కడ రాస్తారు?

తీగమల్లి

అక్కా, తలుపు దాకా వెళ్లి వెనక్కి రావడం నాకూ తెలుసు.

పాతజేబు

రెండోకూతురు గారూ, మీ కష్టానికి నాకు బాధగానే ఉంది. కానీ మీ నాన్నగారి మీద కోపం తెచ్చి మా నాన్న నెత్తిన పెడుతున్నారు. ఆయన దానం చేయలేదు, ఇచ్చిన మాట తీర్చుకున్నారు. రెండూ ఒకటి కావు. మాట తప్పి ఉంటే నలుగురిలో తలెత్తుకునేవాళ్లమా?

రెండోకూతురు

తలెత్తుకున్నది ఎవరు, తల వంచుకుని సర్దుకున్నది ఎవరు? ఐదుగురన్నారు కదా, పేరుపేరునా చెప్పండి. ఆ తొమ్మిదేళ్లలో ఎవరి ఏ కోరిక ఆగిపోయింది? మాటిచ్చేముందు ఇంట్లో ఎవరినైనా అడిగారా?

పాతజేబు

తండ్రి నిర్ణయం తీసుకునేముందు పిల్లల అనుమతి తీసుకోవాలా? ఇదేం వాదనండీ! చనిపోయిన మనిషిని బోనులో నిలబెట్టి ప్రశ్నలేస్తున్నారు. ఆయన కాలిగోటికి సరిపోనివాళ్లు కూడా ఆయన మీద తీర్పు చెప్పేవాళ్లే. నేను ఈ చర్చ మొదలుపెట్టి ఉండాల్సింది కాదు.

వానచుక్క

కాస్త నెమ్మదించండి ఇద్దరూ.

చిత్తుప్రతి

నేను సంతకం గురించే ఎందుకు పట్టుబట్టానో చెబుతాను. మా నాన్న సంతకం పెట్టాడు. ఒకరికి కాదు, ఇద్దరికి. తర్వాత రెండు అప్పులూ తనవి కావన్నాడు. తలుపు చప్పుడైతే చాలు, నాన్న వెనక గదిలోకి వెళ్లిపోయేవాడు. నన్ను ముందుకు తోసి "లేరని చెప్పు" అనేవాడు. నాకు ఏడేళ్లు. గడియ నాకు అందేది కాదు, ఒక పీట వేసుకుని తీసేవాడిని. వచ్చినాయన కోప్పడేవాడు కాదు. నా ముఖంలోకి చూసి, పీట వంక చూసి, "సరే నాన్నా, నేను వచ్చానని చెప్పు" అని వెళ్లిపోయేవాడు. నేను అబద్ధం చెబుతున్నానని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు.

పెద్దయ్యాక నేను ఎవరికీ అబద్ధం చెప్పకూడదనుకున్నాను. కానీ ఎవరైనా సూటిగా ప్రశ్న అడిగితే ముందు నోటికి వచ్చేది అబద్ధమే. దాన్ని మింగి నిజం చెప్పడానికి నాకు ఒక క్షణం పడుతుంది. నలభై ఏళ్లు దాటినా ఆ క్షణం పోలేదు. పాతజేబు గారూ, మీకు నిద్ర పట్టదన్నారే, ఆ నిద్ర పట్టకపోవడం నాకు కావాలి. అందుకే మీ నాన్న సంతకం పెట్టారో లేదో తెలుసుకోవాలనిపించింది.

బడిగంట

చిత్తుప్రతి బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

బండూరా 1965లో ఆ ప్రయోగాన్ని ఇంకో రకంగా చేశాడు. బొమ్మను కొట్టిన మనిషికి శిక్ష పడినట్టు కొందరు పిల్లలకు చూపించాడు. వాళ్లు ఆ పనులు తక్కువగా చేశారు. తర్వాత, చూసింది చూసినట్టు చేసి చూపిస్తే బహుమానం ఇస్తామన్నారు. అప్పుడు శిక్ష చూసిన పిల్లలు కూడా మిగతావాళ్లతో సమానంగా అన్నీ చేసి చూపించారు. అంటే నేర్చుకోవడం అప్పటికే జరిగిపోయింది, బయటికి రాలేదంతే. మీకు ఆ ఒక్క క్షణం పట్టడం అదేనేమో. లోపల ఉన్నదాన్ని రోజూ ఆపుతున్నారు. ఆపడం మీ సొంతం, మీ నాన్న నేర్పింది కాదు.

కొత్తకలం

చర్చ దారి తప్పుతోంది. తల్లుల గురించి ఎవరూ మాట్లాడరేం?

పాతజేబు

రాత్రి పుస్తకం బయటికి తీశాను. రెండోకూతురు గారి మీద కోపంతోనే తీశాను, ఆమె తప్పని చూపిద్దామని.

ఇన్నేళ్లలో మొదటి పేజీ, చివరి పేజీ తప్ప నేను సరిగ్గా చూడలేదు. ఐదో ఏడాదిలో ఒక నెల దగ్గర టిక్కు లేదు. వాయిదా మొత్తం రాసి, దాన్ని కొట్టేసి, సగం రాశారు. పక్కన మా అక్క పేరు, "ఫీజు" అని. ఆ పేరునూ ఫీజునూ మళ్లీ కొట్టేశారు. కింద మొదటి మొత్తమే మళ్లీ రాశారు. పెన్సిలు ఎంత గట్టిగా నొక్కారంటే వెనక పేజీ మీద గీత వేలికి తగులుతోంది.

అక్క చదువు ఆ ఏడాదే ఆగింది. నేను బడికి వెళుతూనే ఉన్నాను. అక్కకు చదువు మీద ఇష్టం లేదని ఇంట్లో అనుకునేవాళ్లం. నేనూ అదే నమ్మాను. ఎవరు చెప్పారో గుర్తులేదు.

నాన్న ఆలోచించారు. ఆయనకు పట్టలేదని మాత్రం అనకండి. ఆ గీత చూస్తే తెలుస్తుంది ఎంత నలిగారో.

రెండోకూతురు

ఇప్పుడు మనం అసలు విషయానికి వచ్చాం. మీ నాన్న మంచివారు కాదని నేను ఒక్కసారి కూడా అనలేదు, పైకెళ్లి చూడండి. ఆయన నలిగారని ఒప్పుకుంటాను. కానీ అప్పు వాయిదాకూ కూతురి ఫీజుకూ మధ్య ఎంచుకోవాల్సి వచ్చి, కూతురి పేరు కొట్టేశారు. కొట్టేసిన పేరు గల మనిషి పక్క గదిలోనే ఉంది. పిలిచి "ఇదీ పరిస్థితి, ఏం చేద్దాం" అని ఉంటే, ఆమె కూడా ఆ మాట తీర్చినవాళ్లలో ఒకరయ్యేది. పిలవలేదు కాబట్టి ఆమెకు చదువు మీద ఇష్టం లేదన్న పేరు మిగిలింది, మీకు మాట మీద నిలబడే గుణం మిగిలింది. ఒకే నాన్న, ఒకే పుస్తకం.

పాతజేబు

మీరన్నది నేను పూర్తిగా ఒప్పుకోలేను. పిలిచి అడిగితే ఏ కూతురు కాదంటుంది? అడగడం కూడా ఒక రకంగా ఒత్తిడి చేయడమే కదా. ఆ భారం ఆమె మీద పెట్టకుండా తనే మోశారేమో. నాకూ కూతురుంది, ఆ చోట నేనుంటే ఏం చేసేవాడినో నాకు తెలియడం లేదు.

చిత్తుప్రతి

అడగకపోతే భారం తప్పుతుందా? నన్నూ ఎవరూ అడగలేదు, పీట మాత్రం నేనే వేసుకున్నాను.

తీగమల్లి

మీ అక్కగారు ఉన్నారా? ఆమెనే అడగొచ్చు కదా.

పాతజేబు

రెండు రోజులు ఆలోచించి నిన్న ఫోన్ చేశాను. ఫీజు సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నా పేరు రాశాడా?" అంది. రాసి కొట్టేశాడు అక్కా అన్నాను. "సరే, రాశాడు కదా" అంది.

చదువు ఎందుకు ఆపావని మొదటిసారి అడిగాను. "ఫీజు కట్టే గడువు అయిపోయాక నాన్న నాతో పది రోజులు మాట్లాడలేదు. నామీద కోపమనుకున్నాను. ఏం తప్పు చేశానో అర్థంకాక, ఇంక బడి ఊసెత్తలేదు" అంది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా తనమీద కోపం వచ్చిందనే అనుకుంటోంది.

రెండోకూతురు గారూ, కాలిగోరు మాట నేను అనకుండా ఉండాల్సింది. క్షమించండి.

రెండోకూతురు

ఆ మాట ఎప్పుడో మరిచిపోయాను. పుస్తకం ఆమెకు ఇచ్చేస్తారా?

పాతజేబు

ఇస్తానన్నాను. వద్దంది. "నీ దగ్గరే ఉండనీ, ఆ పేజీ ఒక్కటి ఫోటో తీసి పంపు" అంది. పగటి వెలుతురులో, గీతలు కనబడేలా తీసి పొద్దున్నే పంపాను. చూసినట్టు వచ్చింది. ఇంకా ఏమీ రాయలేదు.