57 మి.మీ. పిస్టన్ కాలిపర్లు ఎక్కించాం: మాస్టర్ సిలిండర్ ఏ సైజుది పెట్టాలి?

భీమవరం_సెడాన్

అందరికీ నమస్కారమండి. బండి పాత 1.3 పెట్రోల్ సెడాన్, ముందు చక్రాల డ్రైవ్, ఏబీఎస్ లేదు, వెనక డ్రమ్ములు. ముందున్న ఒరిజినల్ కాలిపర్‌ది (డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) సింగిల్ పిస్టన్, వెర్నియర్ (కొలత పరికరం) పెడితే 51 మి.మీ. వచ్చింది. డిస్కు 236 మి.మీ. వాటి స్థానంలో 57 మి.మీ. పిస్టన్ ఉన్న కాలిపర్లు, 256 డిస్కులు వేశాం. చక్రాలు కూడా 14 అంగుళాలవి పెట్టాల్సి వచ్చింది. మాస్టర్ సిలిండర్ (పెడలు తొక్కితే బ్రేకు ఆయిల్‌ని తోసేది) ఒంటి మీద 13/16 అని పోత అక్షరాలున్నాయి, అంటే లోపలి వ్యాసం అంగుళాల్లో.

బ్రేకు బాగానే పడుతోంది గానీ పెడలు మునుపటికంటే లోపలికి దిగుతోంది. మెత్తదనం లేదు. ఒకసారి తొక్కి వదిలి వెంటనే మళ్ళీ తొక్కితే పైకి వచ్చి ఆగుతోంది. గాలి రెండుసార్లు తీయించాం. షాపులో ఒకరు ఒక అంగుళం మాస్టర్ వేసేయమంటున్నారు, ఇంకొకరు 7/8 చాలంటున్నారు. దీనికి లెక్క ఏమన్నా ఉందా? బండి ఎక్కువగా పాలకొల్లు, నరసాపురం వైపే తిరుగుతుంది. అప్పుడప్పుడూ మారేడుమిల్లి ఘాటు ఎక్కుతుంది.

వెర్నియర్_తణుకు

లెక్క ఉందండి, చాలా తేలిక. π జోలికి పోనక్కర్లేదు, వ్యాసాల నిష్పత్తిని వర్గం చేస్తే చాలు.

కాలిపర్: 57ని 51తో భాగించి వర్గం చేస్తే 1.25. అంటే అదే ఆయిల్ ప్రెషర్‌కి ప్యాడ్ మీద నొక్కుడు 25 శాతం పెరిగింది. డిస్కు పెద్దదయ్యింది కాబట్టి ప్యాడ్ పట్టే చోటు కూడా చక్రం కేంద్రానికి దూరం జరిగింది. 236 డిస్కుకి ఆ దూరం సుమారు 98 మి.మీ. అనుకుంటే 256కి 108, అంటే మరో 10 శాతం. రెండూ గుణిస్తే ముందు బ్రేకు 38 శాతం దాకా పెరిగింది. మాస్టర్ ముట్టుకోకుండానే.

ఇప్పుడు మాస్టర్ సంగతి. అది లావయ్యే కొద్దీ అదే కాలి బలానికి ప్రెషర్ తగ్గుతుంది. 13/16 నుంచి 7/8కి వెళ్తే 14ని 13తో భాగించి వర్గం చేయాలి, 1.16 వస్తుంది. ప్రెషర్ 14 శాతం పడిపోతుంది. 15/16 అయితే 25 శాతం. ఒక అంగుళం అయితే 34 శాతం.

వీటిని మీ కొత్త కాలిపర్లతో కలిపి చూడండి. ఒరిజినల్ బండిలో ఎంత బలంతో తొక్కేవారో అంతే తొక్కితే, 7/8తో ముందు బ్రేకు 19 శాతం ఎక్కువ, వెనక 14 శాతం తక్కువ. 15/16తో ముందు 3 శాతమే ఎక్కువ, వెనక పాతిక శాతం తక్కువ. ఒక అంగుళంతో ముందు కూడా పాతదానికంటే 9 శాతం తక్కువ, వెనక మూడో వంతు పోయింది! ఇంత ఖర్చు పెట్టి కాలిపర్లు, డిస్కులు, చక్రాలు మార్చి పాత బండికంటే తక్కువ బ్రేకు తెచ్చుకున్నట్టు. పెడలు రాయిలా ఉంటుంది, నిజమే. గట్టి పెడలు అంటే మంచి బ్రేకు అని చాలామంది అనుకోవడం వల్లే ఈ ఒక అంగుళం సలహా తిరుగుతూ ఉంటుంది. పైగా బూస్టర్ (కాలి బలానికి తోడయ్యేది) వాక్యూమ్ పైపు ఊడిందనుకోండి, ఉత్త కాలి బలంతో అంగుళం మాస్టర్‌ని నొక్కి బండిని ఆపడం చాలా కష్టం. ఆ సైజు ఆలోచన మానేయండి.

పెడలు ఎంత దిగాలో కూడా లెక్క వేద్దాం. బ్రేకు పట్టేలోపు పిస్టన్ అర మి.మీ. కదులుతుందనుకుంటే 51 పిస్టన్‌కి 1.02 సీసీ ఆయిల్ కావాలి, 57కి 1.28. రెండు కాలిపర్లకీ కలిపి అదనం అర సీసీ. 13/16 మాస్టర్‌లో అది ఒకటిన్నర మి.మీ. స్ట్రోకు. పెడలు నిష్పత్తి (మాస్టర్ పిస్టన్ ఒక మి.మీ. కదలడానికి పాదం ఎన్ని మి.మీ. కదలాలో) 4 అయితే పాదం కింద 6 మి.మీ. మీ పెడలు అంతకంటే బాగా ఎక్కువ దిగుతుంటే ఆ మిగతాది కాలిపర్ వల్ల కాదు. రెండో తొక్కుకి పైకి వస్తోందన్నారు కదా, వెనక డ్రమ్ములు విప్పి చూడండి. లైనర్లకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైతే సరిగ్గా ఇలాగే ఉంటుంది. మన వైపు చెరువు గట్ల మీద తిరిగే బళ్ళలో సెల్ఫ్ అడ్జస్టర్ (ఆ సందుని తనంతట తానే సర్దేది) తుప్పు పట్టి బిగుసుకుపోవడం మామూలే. ముందు హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పూర్తిగా వదులు చేసి, ఆ తర్వాతే లైనర్లు దగ్గరకు తేవాలి. కేబుల్ బిగించి పెడలు పైకి తెచ్చామనుకుంటే అది ఉత్తుత్తి సర్దుబాటు.

గట్టురోడ్డు

పై లెక్కలో వెనక బ్రేకు తగ్గడం మీద ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. మాస్టర్ సైజు మారిస్తే ముందు వెనకల వాటా మారదు. ఆ వాటా కాలిపర్ మార్చినరోజే మారిపోయింది. మాస్టర్ రెండు వైపులా ప్రెషర్‌ని ఒకే పాళ్ళలో తగ్గిస్తుంది, అంతే. ఇప్పుడు మీ బండి ముందు టైర్లు త్వరగా పట్టేస్తాయి, వెనక టైర్లకున్న పట్టు వాడుకోకుండానే మిగిలిపోతుంది. అందుకే పెద్ద కాలిపర్ వేసినా ఆగే దూరం పెద్దగా తగ్గదు.

7/8 వేస్తే వెనక వీల్ సిలిండర్ (డ్రమ్ములో లైనర్లని తోసేది) కూడా ఒక మెట్టు పెంచడం సరైన జత. ఇప్పుడున్నది 11/16 అయితే 3/4 పెట్టండి. 12ని 11తో భాగించి వర్గం చేస్తే 1.19. వెనక తగ్గిన 14 శాతం తిరిగి వచ్చేస్తుంది. ముందు భాగం ఇంకా పాతదానికంటే బలంగానే ఉంటుంది కాబట్టి వెనక చక్రాలు ముందే లాక్ అయ్యే భయం ఒరిజినల్ బండికంటే ఎక్కువ కాదు. అక్కడితో ఆగిపోవాలి. రెండు మెట్లు పెంచకండి. కోత రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, కాలువ గట్టు మీద ట్రాక్టర్ చక్రాల బురద ఉంటుంది. అలాంటి చోట వెనక చక్రాలు లాక్ అయితే బండి అడ్డం తిరిగి కాలువలోకే.

ఇంకో మాట. మీ పాత మాస్టర్ నుంచి వెనక్కి వెళ్ళే రంధ్రాలకి లావుపాటి నట్టులా ప్రెషర్ తగ్గించే వాల్వులు బిగించి ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటిని విప్పి కొత్తదానికి తప్పకుండా మార్చాలి. అవి లేకుండా పైపు నేరుగా కలిపితే గట్టిగా తొక్కినప్పుడు వెనక ప్రెషర్‌కి అడ్డే ఉండదు.

కోనసీమ_స్పానర్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాలుగు పిస్టన్ల ఫిక్స్‌డ్ కాలిపర్ (కదలకుండా, డిస్కుకి రెండు వైపులా పిస్టన్లుండేది) అయితే నాలుగూ కలిపి లెక్కేయాలా?

వెర్నియర్_తణుకు

లేదండి, ఒక వైపువి మాత్రమే. ఒక పక్క 38, 42 ఉంటే రెండిటి వైశాల్యం కలిపి 2,520 చ.మి.మీ., అంటే దాదాపు 57 సింగిల్ పిస్టన్‌కి (2,552) సమానం. నాలుగూ కలిపేస్తే సంఖ్య రెట్టింపై, పెద్ద మాస్టర్ కొనేస్తారు. ఆయిల్ లెక్కకీ ఇదే పద్ధతి. జారే కాలిపర్‌లో ఒక్క పిస్టన్ రెండు ప్యాడ్ల సందూ నింపుతుంది, ఫిక్స్‌డ్‌లో ఒక్కో వైపు సగం సగం నింపుతుంది.

భీమవరం_సెడాన్

చాలా థాంక్సండి. డ్రమ్ములు విప్పించాను. ఎడమ వైపు అడ్జస్టర్ కదలడమే లేదు. శుభ్రం చేసి సర్దాక రెండో తొక్కుకీ మొదటి తొక్కుకీ తేడా పోయింది. పెడలు పాతదానికంటే కొద్దిగా కిందే ఉంది గానీ ఇబ్బందేమీ లేదు. వీల్ సిలిండర్ 11/16 అనే ఉంది. 7/8 వేసేటప్పుడు చూసుకోవాల్సినవి ఏమిటి?

గట్టురోడ్డు

ఆ కొద్దిపాటి తేడా పైన లెక్క వేసిన 6 మి.మీ. లాంటిదే. నచ్చితే 13/16 అలాగే ఉంచేసుకోవచ్చు, తప్పేం లేదు. వేస్తానంటే ఇవి చూడండి.

పైపు మరలు: జపాన్ తరహా బళ్ళలో ఎక్కువగా ఎం10, 1.0 పిచ్. చేత్తో మూడు నాలుగు చుట్లు తేలిగ్గా ఎక్కకపోతే స్పానర్ పెట్టకండి. పైపు చివర మడత ఆకారం కూడా రెండు రకాలుంటుంది, ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే ఎంత బిగించినా కారుతుంది.

పుష్‌రాడ్: అన్నిటికంటే ముఖ్యం ఇదే. బూస్టర్ నుంచి వచ్చే రాడ్ కొత్త మాస్టర్‌కి పొడవైతే, పెడలు వదిలినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్ళే సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు తెలియదు. నాలుగు కిలోమీటర్లు పోయాక ఆయిల్ వేడెక్కి, పోయే దారి లేక చక్రాలు వాటంతట అవే పట్టేస్తాయి. అందుకే పాత మాస్టర్ విప్పగానే దాని గుంట లోతు వెర్నియర్‌తో కొలవండి, కొత్తదీ కొలవండి, తేడా ఉంటే మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన సందు వచ్చేలా రాడ్ సర్దండి. బిగించాక ట్యాంకు మూత తీసి ఒకరు పెడలు మెల్లగా తొక్కితే మొదట్లో ఆయిల్ చిన్నగా పొంగి కదలాలి. అలా కదలకపోతే రంధ్రం మూసుకుందన్నమాట. రోడ్డు మీద చక్రం పట్టేస్తే మాస్టర్ రెండు నట్లు కొంచెం వదులు చేయండి. వెంటనే వదిలేస్తే పుష్‌రాడ్ పొడవు. అప్పటికీ వదలక, కాలిపర్ నిపుల్ (గాలి తీసే మర) తెరిచాకే వదిలితే హోస్ (రబ్బరు బ్రేకు పైపు) లోపల మూసుకుపోయింది.

గాలి తీయడం: మాస్టర్‌ని బండికి ఎక్కించకముందే వైస్‌లో పట్టించి గాలి తీయండి. ఆ తర్వాత కుడి స్టీరింగ్ బండిలో వెనక ఎడమ, ముందు కుడి, వెనక కుడి, ముందు ఎడమ. మీది ఎదురెదురు మూలల సర్క్యూట్ (ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూల వెనక చక్రం ఒక జత) అయితేనే ఈ వరుస. కాలిపర్ నిపుల్ పైకి ఉందా అని చూసుకోండి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేస్తే నిపుల్ కిందికి వచ్చి గాలి ఎప్పటికీ పోదు. మాస్టర్ మార్చకుండా పాతదానితోనే గాలి తీయిస్తే పెడలు కింద చెక్కముక్క పెట్టండి. పూర్తిగా తొక్కితే రబ్బర్లు ఎప్పుడూ తిరగని తుప్పు భాగం మీదకి వెళ్ళి చిరుగుతాయి.

ఆయిల్: మన తేమకి డాట్ 3 కంటే డాట్ 4 మేలు. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పీల్చాక 155కి పడిపోతుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. డెల్టాలో చదును రోడ్ల మీద అంత వేడి రాదు కాబట్టి పాత ఆయిల్ లోపం బయటపడదు, మారేడుమిల్లి దిగుతున్నప్పుడే పడుతుంది. ఏడాదికోసారి, ఘాటు ఎక్కేముందు కొత్త డబ్బా తెరిచి మార్చండి. సగం వాడిన డబ్బా దాచి మళ్ళీ వాడొద్దు. కాలిపర్ జారే పిన్నులకి మామూలు గ్రీజు రాయనివ్వకండి, రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుంటుంది. బ్రేకుల కోసం వచ్చే సిలికాన్ గ్రీజే రాయాలి.