1984లో ట్రంక్ కాల్ ఎలా బుక్ చేసేవారు? పెద్దవాళ్లు కాస్త చెప్పండి

ఎనభైల నాటి మామూలు ఇళ్ల సంగతులతో ఓ చిన్న కథల సంపుటి రాస్తున్నాను. తొమ్మిది కథలు అయిపోయాయి. పదోది ట్రంక్ కాల్ (ఆపరేటర్‌కి చెప్పి కలిపించుకునే దూరపు ఊరి ఫోన్ కాల్) దగ్గర ఆగిపోయింది.

కథ 1984 ఆగస్టులో, పాలకొల్లులో. ఎన్టీఆర్‌ని పదవి నుంచి దించేసిన రోజులు. కొడుకు హైదరాబాద్‌లో చదువుతున్నాడు, అక్కడ గొడవలని విని తల్లికి ఒకటే టెన్షన్. పోస్టాఫీసుకి వెళ్లి, చెంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టి కాల్ బుక్ చేస్తుంది. ఇక్కడిదాకా బాగానే వచ్చింది.

ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని రకాలుండేవని తెలుసు. ఆర్డినరీకి ఎంతసేపు కూర్చోవాల్సి వచ్చేది? డబ్బు ముందే కట్టించుకునేవారా, మాట్లాడాకా? అవతల పక్కింటి ఫోనైతే, మనిషిని పిలుచుకొచ్చేదాకా లైను ఉంచేవారా? మూడు నిమిషాలు కాగానే ఆపరేటర్ మధ్యలో ఏమనేవారో ఎవరికైనా గుర్తుందా? నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

మా అమ్మనడిగితే "అరవలేక గొంతు పోయేది" అంటుంది తప్ప ఇంకేం చెప్పదు. ఎస్టీడీ బూత్‌ల కబుర్లు మాత్రం వద్దండీ, అవి తర్వాతి కథలోకి.