అప్‌డేట్: ఒంటిపూట బడులు, ఇద్దరు మగపిల్లలు

మార్చి 15 తర్వాత ఒంటిపూట బడులు మొదలయ్యాయని, పన్నెండున్నరకి బడి వదిలాక మా పిల్లలిద్దరూ ఫోన్ కోసం కొట్టుకుంటున్నారని, నాకేమో ఇంటి నుంచే ఆఫీసు పని అని అడిగాను కదా. పెద్దాడికి ఎనిమిది, చిన్నాడికి ఐదు.

ఫోన్ దాచేయమన్న సలహా పనిచేయలేదు. నేను దాచేలోపే చిన్నాడు కనిపెట్టేస్తున్నాడు. మధ్యాహ్నం పడుకోబెట్టడం కూడా కుదరలేదు, ఒకడు నిద్రపోతే రెండోవాడు లేపేస్తాడు.

అష్టాచమ్మా మాత్రం బ్రహ్మాండం! మా అత్తయ్యగారు చాక్‌పీసుతో గళ్లు గీసి, చింతపిక్కలు ఒకవైపు తెల్లగా అయ్యేదాకా గచ్చుమీద అరగదీయమన్నారు. అరగదీస్తే పిక్క కాలుతుంది కదా, పెద్దాడు దాన్ని తీసుకెళ్లి తమ్ముడి మోచేతికి అంటించాడు. వాడు కెవ్వుమన్నాడు, అప్పుడే నాకు మీటింగు. అయినా ఆ పూట ఫోన్ ఊసెత్తలేదు. నాలుగూ బోర్లా పడితేనే అష్టా అని చెప్పినా, చిన్నాడు ఎలా పడినా "అష్టా!" అని ఎనిమిది గళ్లు వెళ్లిపోతాడు. తగువులు తగ్గాయని చెప్పను, తగువుకి కారణం మారింది.

సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరూ వేపచెట్టు కింద పువ్వు ఏరుతున్నారు. ఉగాది పచ్చడికి సరిపోగా మిగిలింది ఎండబెడుతున్నాం, నేతిలో వేయించి చారులో వేస్తాను. పిల్లలు తింటారని మాత్రం అడక్కండి.

ఇక ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులు. దానికి మళ్లీ అడుగుతాను.